మూగబోయిన మార్గదర్శి: ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1హెచ్ ఉపగ్రహ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు: ఉపగ్రహాల సాయంతో స్థాననిర్ణయం చేసే పద్ధతి ఎలా పుట్టిందో చెప్పగలుగుతారు, పనిచేయని ఉపగ్రహాన్ని ఎలా, ఎందుకు గమనిస్తారో వివరించగలుగుతారు, ఒక వైఫల్యాన్ని చరిత్ర ఆధారంగా చూడగలుగుతారు.

ఉపోద్ఘాతం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులు కైఫియ్యత్తుల గురించి వినే ఉంటారు. కాలిన్ మెకంజీ సిబ్బంది ఊరూరా తిరిగి సేకరించిన స్థానిక చరిత్రలవి. వాటిలో ఒక ఊరి పొలిమేరలు చెప్పవలసి వస్తే ఫలానా వంక, ఫలానా గుట్ట, ఫలానా రాయి అని గుర్తులు చెబుతారు. తెలిసిన గుర్తును పట్టుకుని తెలియని చోటును నిర్ణయించడం ఆ పద్ధతి. మీ చేతిలోని ఫోను చేసేదీ అదే. తేడా ఒక్కటే, దాని గుర్తులు ఆకాశంలో తిరుగుతుంటాయి. మరి ఆ గుర్తే పనికిరాకుండా పోతే ఏం చేయాలి? 2017లో మన దేశానికి ఈ ప్రశ్న ఎదురైంది.

1. వెతుకులాటలో పుట్టిన విద్య

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో విలియం గైయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు దాని రేడియో సంకేతాన్ని విన్నారు. ఎర్రగుంట్ల స్టేషన్లో ఆగకుండా వెళ్లే రైలు కూతను గుర్తుచేసుకోండి. దగ్గరకు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయేటప్పుడు బొంగురుగా వినిపిస్తుంది. స్పుత్నిక్ సంకేతంలో ఇటువంటి మార్పునే కొలిచి, ఆ ఇద్దరూ దాని కక్ష్యను లెక్కగట్టారు.

1958లో ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఈ లెక్కను తిరగేశాడు. మనం ఉన్న చోటు తెలిస్తే ఉపగ్రహం ఎక్కడుందో చెప్పగలుగుతున్నాం. ఉపగ్రహం ఉన్న చోటు ముందే తెలిస్తే మనం ఎక్కడున్నామో చెప్పలేమా? ఈ ఆలోచన నుంచే ట్రాన్సిట్ అనే తొలి మార్గదర్శక ఉపగ్రహ వ్యవస్థ వచ్చింది. అందులోని ట్రాన్సిట్-1బి 1960 ఏప్రిల్‌లో కక్ష్యలో చేరింది. అంటే ముందు పుట్టింది ఉపగ్రహాన్ని వెతకడం. దారి చూపడం ఆ తరువాత వచ్చింది.

2. మన ఏడు ఉపగ్రహాలు

2013 జులై 1 నుంచి 2016 ఏప్రిల్ 28 వరకు ఇస్రో శ్రీహరికోట నుంచి 1ఎ మొదలు 1జి వరకు ఏడు ఉపగ్రహాలను పంపింది. ఈ వ్యవస్థకే నావిక్ అని పేరు. దీనికి ప్రాణం ఉపగ్రహంలోని అణు గడియారం. సంకేతం కాంతివేగంతో ప్రయాణిస్తుంది కనుక, గడియారంలో సెకనులో పదిలక్షల వంతు తప్పు దొర్లితే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. జమ్మలమడుగులో ఒక వీధిలో ఉన్న మనిషిని వేరే వీధిలో చూపడానికి ఆ తప్పు చాలు.

1ఎ ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉన్నా స్థాననిర్ణయానికి పనికిరాలేదు. దాని స్థానంలో పనిచేయడానికి తయారుచేసినదే 1హెచ్.

3. 2017 ఆగస్టు 31

ఆ సాయంత్రం 7 గంటలకు పి.ఎస్.ఎల్.వి.-సి39 రాకెట్ 1,425 కిలోల 1హెచ్‌తో బయలుదేరింది. రాకెట్ గాలిపొరను దాటాక ఉపగ్రహంపై ఉన్న ఉష్ణకవచం రెండుగా విడిపోయి జారిపోవాలి. అది విడిపోలేదు. ఆ అదనపు బరువుతో రాకెట్ అనుకున్న వేగాన్ని అందుకోలేదు. 284 కిలోమీటర్లు, 20,650 కిలోమీటర్ల మధ్య ఉండవలసిన కక్ష్య సుమారు 167 కిలోమీటర్లు, 6,555 కిలోమీటర్ల మధ్య ఆగిపోయింది. ఉపగ్రహం రాకెట్ నుంచి వేరుపడింది కానీ కవచం లోపలే చిక్కుకుంది. సౌరఫలకాలు విప్పుకునే చోటు లేదు. ఇంధనం ఉన్నా ఇంజన్‌ను వాడే వీలు లేదు. దారి చూపవలసిన ఉపగ్రహం, ఇతరులు వెతకవలసిన వస్తువుగా మిగిలింది.

4. మూగ వస్తువును గమనించడం

స్పుత్నిక్ పలికింది కనుక విని లెక్కగట్టారు. పలకని వస్తువుకు రెండు దారులున్నాయి. ఒకటి, సూర్యకాంతిలో మెరిసే దానిని దూరదర్శినితో ఫోటో తీయడం. ఈ పనికోసం 1950ల చివరిలోనే మన నైనిటాల్‌లో బేకర్-నన్ కెమెరాను నెలకొల్పారు. రెండవది రాడార్. రేడియో తరంగాన్ని పంపి, తగిలి తిరిగివచ్చిన దానినిబట్టి దూరం, దిశ, వేగం కొలుస్తారు. శ్రీహరికోటలో ఒకేసారి పది వస్తువులను గమనించగల రాడార్ ఉంది.

1హెచ్ కక్ష్య భూమధ్యరేఖకు సుమారు 19.2 డిగ్రీలు వంగి ఉంది. అందువల్ల అది ఉత్తరాన 19.2, దక్షిణాన 19.2 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న పట్టీ మీదుగానే తిరిగింది. ఆదిలాబాద్ ఆ పట్టీకి కొంచెం బయట ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ 14, 15 డిగ్రీల మధ్య ఉన్నాయి కనుక పట్టీ లోపలే ఉన్నాయి.

మొదట్లో అది దాదాపు 2 గంటల 40 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేది. భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ పలుచని గాలి దాని వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించేది. దానితో కక్ష్య కుంచించుకుపోయి, ఒక్కొక్క చుట్టుకు పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. ఈ తగ్గుదలను నమోదు చేస్తూ పోవడమే గమన పరిశీలన. ఏడాదిన్నర తరువాత, 2019 మార్చి 2న, అది వాతావరణంలోకి ప్రవేశించి అంతమైంది.

5. ఎందుకు గమనించాలి?

మొదటి కారణం, ఇటువంటి వస్తువు పనిచేస్తున్న మరో ఉపగ్రహాన్ని ఢీకొనవచ్చు. రెండవది బాధ్యత. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, అంతరిక్ష వస్తువు నేలమీద నష్టం కలిగిస్తే ప్రయోగించిన దేశమే పరిహారం చెల్లించాలి. 1978లో కాస్మోస్-954 కెనడాలో పడినందుకు సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించడానికి 1981లో అంగీకరించింది. పంపడంతో పని తీరదు. అది నేలకు చేరేదాకా లెక్క చెప్పవలసింది పంపినవారే.

1హెచ్ చేయవలసిన పనికి 2018 ఏప్రిల్ 12న 1ఐ వెళ్లింది. ఇస్రో 2022లో బెంగళూరులో అంతరిక్ష వస్తువుల గమనానికి ప్రత్యేక కేంద్రాన్ని ప్రారంభించింది. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుంచి జరిగిన నూరవ ప్రయోగంలో వెళ్లిన ఎన్.వి.ఎస్.-02 కూడా ఒక కవాటం తెరుచుకోకపోవడంతో తన కక్ష్యను చేరలేకపోయింది. కనుక ఈ విద్య అవసరం తీరిపోలేదు.

సారాంశం

విజయాలకు శిలాశాసనాలు ఉంటాయి. వైఫల్యాలకు తరచు లెక్కల పుస్తకాలే ఆధారం. 1హెచ్ ఒక్క రోజు కూడా పనిచేయలేదు. అయినా దాని కక్ష్య వివరాల్లో ఏడాదిన్నర చరిత్ర నమోదై ఉంది. కైఫియ్యత్తుల్లో పాడుపడిన ఊళ్ల ప్రస్తావనను వదలకుండా చదివినట్లే, చరిత్ర విద్యార్థిగా మీరు ఇటువంటి ఆధారాలనూ వదలకుండా చదవాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఆలోచనకు, 1హెచ్ గమన పరిశీలనకు ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. పలకని ఉపగ్రహాన్ని గమనించే రెండు పద్ధతులు ఏవి?
3. మీ ఊరి అక్షాంశం తెలుసుకుని, 1హెచ్ తిరిగిన పట్టీలో ఉందో లేదో కారణంతో రాయండి.