పై చార్టు: పరిమితులు, లోపాలు

ఒక మొత్తాన్ని గుండ్రటి బొమ్మగా గీసి, అందులో ఎవరి వాటా ఎంతో దానికి తగ్గ కోణంతో ముక్కలు చేసి చూపేది పై చార్టు. వృత్తం మొత్తం 360 డిగ్రీలు కాబట్టి నూటికి ఒక వంతు అంటే 3.6 డిగ్రీలు. పత్రికల్లో, ఆఫీసు ప్రెజెంటేషన్లలో, బడ్జెట్ పుస్తకాల్లో దీనికి చలామణీ ఎక్కువ. గణాంక నిపుణుల దగ్గర మాత్రం అంత మర్యాద లేదు. వాళ్లు విరివిగా వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో పై చార్టు గీసే ఆదేశానికి ఉన్న సహాయ పేజీయే, సమాచారం చూపడానికి ఇది చాలా చెడ్డ పద్ధతని హెచ్చరిస్తుంది. తెలుగులో పేరుతోనూ ఒక చిక్కుంది. ‘పై చార్టులో చూడండి’ అంటే గుండ్రటి బొమ్మను చూడాలో, పైన అచ్చయిన ఇంకో బొమ్మను చూడాలో తెలియదు.

మొదటి పై చార్టులు స్కాట్లాండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1801లో లండన్‌లో ప్రచురించిన ‘స్టాటిస్టికల్ బ్రీవియరీ’లో కనిపిస్తాయి. టర్కీ సామ్రాజ్యపు భూభాగం ఆసియా, యూరప్, ఆఫ్రికా ఖండాల్లో ఎంతెంత ఉందో ఆయన ఒక వృత్తంలో చూపించాడు. అందులో ఉన్నవి మూడే ముక్కలు. అంతకు 15 ఏళ్ల ముందు, 1786లో, బార్ చార్టును ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే. పై చార్టు బదులు ఏం వాడాలని అడిగితే ఇప్పటికీ ఎక్కువమంది చెప్పేది ఆ బార్ చార్టునే.

కంటికి కోణం చిక్కదు

అసలు ఇబ్బంది బొమ్మలో కంటే మన చూపులో ఉంది. ఒకే గీత మీద నిలబెట్టిన రెండు కడ్డీల్లో ఏది పొడుగో కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఒకటి నిట్టనిలువుగా, ఇంకొకటి ఏటవాలుగా పడి ఉన్న రెండు కోణాల్లో ఏది పెద్దదో చెప్పాలంటే తడుముకుంటుంది. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ దీన్ని ప్రయోగాలు చేసి తేల్చారు. ఒకే కొలబద్ద మీది స్థానాన్ని అంచనా వేసేటప్పటి కంటే కోణాన్ని అంచనా వేసేటప్పుడు పొరపాటు దాదాపు రెట్టింపుగా వచ్చింది.

కేంద్ర బడ్జెట్ మర్నాడు పేపర్లలో వచ్చే ‘రూపాయి రాక, పోక’ బొమ్మ చూస్తే సంగతి తెలుస్తుంది. 2024 జులైలో పెట్టిన 2024-25 బడ్జెట్ ప్రకారం వచ్చే ప్రతి రూపాయిలో అప్పులు, ఇతర బాధ్యతల వాటా 27 పైసలు. ఆదాయపు పన్ను 19, జీఎస్టీ 18, కార్పొరేట్ పన్ను 17, పన్నేతర ఆదాయం 9, ఎక్సైజ్ 5, కస్టమ్స్ 4, అప్పు కాని మూలధన వసూళ్లు 1. నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువగా ఉన్న అప్పుల ముక్క కంటికి ఆనుతుంది. దాని తర్వాతి మూడు పన్నులు? ఒకదానికీ ఇంకొకదానికీ తేడా పైసా, అంటే 3.6 డిగ్రీలు. గడియారంలో పెద్దముల్లు 36 సెకన్లలో కదిలేంత దూరం. అంకెలు చెరిపేసి బొమ్మ ఒక్కటే చేతికిస్తే ఆ మూడింటినీ వరసలో పెట్టగలిగేవాళ్లు అరుదు. అవే కడ్డీలుగా గీస్తే మూడు మెట్లలా కనిపిస్తాయి. ప్రతి ముక్క మీదా అంకె రాయక తప్పడం లేదంటే పాఠకుడు చదువుతున్నది అంకెనే. అలాంటప్పుడు ఒక చిన్న పట్టిక వేసినా సరిపోయేది.

ముక్కలు పెరిగితే రంగులూ పెరుగుతాయి. ఏ రంగు దేనిదో పక్కన పెట్టెలో రాస్తారు. చూపు బొమ్మకూ పెట్టెకూ మధ్య తిరుగుతూనే ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి అదీ కుదరదు. నష్టం వంటి రుణసంఖ్యను ముక్కగా కోయలేం. ఏళ్ల తరబడి వచ్చిన మార్పు చూపాలంటే ఏడాదికో వృత్తం పక్కపక్కన గీయాలి. ఇంతకంటే చెడ్డ పద్ధతి లేదని ఎడ్వర్డ్ టఫ్టే వంటి గణాంక చిత్రాల నిపుణులు కొట్టిపారేసింది దీన్నే.

త్రీడీ వేషం

పళ్లెంలా వాల్చి, మందం తగిలించిన పై చార్టు మరీ మోసం చేస్తుంది. 2008 జనవరిలో మాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ అమెరికా స్మార్ట్‌ఫోన్ మార్కెట్ వాటాలను అలాంటి బొమ్మలో చూపించారు. యాపిల్ వాటా 19.5 శాతం, ‘ఇతరులు’ 21.2 శాతం. కానీ యాపిల్ ముక్క చూసేవారి వైపు ఉండటంతో, దాని అంచు మందం కూడా కలిసి, అదే పెద్దదిగా కనిపించింది. అంకెల్లో అబద్ధం లేదు. బొమ్మ మాత్రం ఇంకో మాట చెప్పింది.

మొత్తం వంద కానివాటిని వృత్తంలో ఇరికించడం మరో తప్పు. 2009లో అమెరికాలోని ఒక టీవీ చానల్ ముగ్గురు నేతలకున్న మద్దతును 70, 63, 60 శాతాలుగా ఒకే పై చార్టులో వేసింది. కూడితే 193. ఒక్కొక్కరు ఒకరికి మించి ఎంచుకునే వీలున్న ప్రశ్నకు వాటాల బొమ్మ పనికిరాదు.

పనికొచ్చే చోటు

2023 డిసెంబరులో వెలువడిన తెలంగాణ శాసనసభ ఫలితాలనే వృత్తంలో పెట్టి చూడవచ్చు. మొత్తం 119 సీట్లలో కాంగ్రెస్ 64, బీఆర్‌ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. పన్నెండు గంటల దగ్గర మొదలుపెడితే కాంగ్రెస్ ముక్క సగం గీతను సుమారు 14 డిగ్రీలు దాటి ఆగుతుంది. మెజారిటీ వచ్చిందని ఒక్క చూపులో తెలుస్తుంది. బార్ చార్టులో ఆ సంగతి తెలియాలంటే 60 దగ్గర విడిగా గీత గీయాలి. అదే బొమ్మలో 8, 7 సీట్ల ముక్కలకు తేడా చెప్పడం కష్టం. ఒక్క సీటు ముక్క సన్నని చీలికలా మిగులుతుంది. సగం, పావు, ముప్పావు మన కంటికి అలవాటైన గుర్తులు. ఆ చుట్టుపక్కల పై చార్టు బాగానే పని చేస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు మూడు ముక్కలు కలిపితే ఎంతవుతుందన్న ప్రశ్నకు కూడా ఇది బార్ చార్టుకు తీసిపోదని 1991లో స్పెన్స్, లెవాండోవ్‌స్కీ ప్రయోగాల్లో తేలింది.

జనం నిజంగా కోణాన్నే చూస్తారా అన్న అనుమానమూ తర్వాత వచ్చింది. 2016లో స్కౌ, కొసారా మధ్యలో గారెలా చిల్లున్న డోనట్ చార్టులను కూడా పరీక్షించారు. మధ్య భాగం తీసేస్తే కోణం కనిపించే చోటే పోతుంది కదా, చదవడం కష్టమవ్వాలి. కాలేదు. చూసేవారు ముక్క వైశాల్యాన్నో, అంచు పొడవునో పట్టుకుంటున్నారని వాళ్లు భావించారు.