నీలకురింజి పన్నెండేళ్ల లెక్క: ఒక పరిణామ వివరణపై సందేహాలు

తమిళనాడులో తేని జిల్లాలోని బోడినాయకనూరు ఒకప్పుడు తెలుగు నాయకుల పాళెం. ఆ ఊరికి ఎగువన కురంగణి కొండల్లో, టాప్ స్టేషన్ చుట్టూ ఉన్న గడ్డినేలల్లో నీలకురింజి పెరుగుతుంది. దాని శాస్త్రనామం స్ట్రోబిలాంతస్ కుంతియానా. పన్నెండేళ్లకోసారి కొండంతా పూసి, గింజ పట్టి, ఎండిపోతుంది. 1838 నుంచి లెక్కకు అందుతున్న ఈ పూతల్లో చివరి మూడు 1994, 2006, 2018లో వచ్చాయి.

ఎందుకిలా అంటే ఒక జవాబు సిద్ధంగా ఉంది. గింజలు తినే ప్రాణులు పూత లేని ఏళ్లలో ఆకలితో తగ్గాలి, పూత వచ్చిన ఏడు అవి కడుపునిండా తిన్నాక కూడా కొన్ని గింజలు మిగలాలి కనుక మొక్కలన్నీ ఒకేసారి కాస్తాయన్నది దాని సారం. 1976లో జీవావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ వెదుళ్ల విషయంలో ఈ వాదాన్ని బలంగా వినిపించాడు. కొలిచి చూడకుండా దాన్నే కురింజికీ వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు. ప్రతి లక్షణానికీ ఒక ప్రయోజనం కల్పించి ఊరుకోవద్దని 1979లోనే పరిణామ శాస్త్రవేత్తలు గూల్డ్, లెవాంటిన్ హెచ్చరించారు.

ఒకేసారి పూయడం లాభమైతే ఆ లక్షణం నిలుస్తుంది. అది ఎలా మొదలైందో, పన్నెండేళ్లే ఎందుకో ఆ లాభం చెప్పదు. అమెరికాలోని సికాడా పురుగులు 13, 17 ఏళ్లకు బయటికి రావడానికి కారణం అవి ప్రధాన సంఖ్యలు కావడమేనని, వాటితో శత్రువుల చక్రాలు తరచు కలవవని కొందరి వాదన. పన్నెండును 2, 3, 4, 6 నిశ్శేషంగా భాగిస్తాయి. ఆ తర్కం ప్రకారం కురింజికి ఇంతకన్నా చెడ్డ సంఖ్య దొరకదు. అదే ప్రజాతికి చెందిన స్ట్రోబిలాంతస్ ఫ్లెక్సికాలిస్ జపాన్‌లోని ఒకినావాలో ఆరేళ్లకోసారి పూస్తుంది. వెదుళ్ల పూత వ్యవధులు చిన్న చక్రాలు రెండు, మూడు వంటి చిన్న సంఖ్యల రెట్లుగా పెరగడం వల్ల ఏర్పడ్డాయని 2015లో పరిశోధకులు వెలర్, నోవాక్, డేవిస్ ప్రతిపాదించారు. కురింజిదీ అదే దారి కావచ్చు. అయితే ఆరు, పన్నెండు అన్న పోలిక ఒక్కటే రుజువు కాదు. గురుడి రాశి మార్పును బట్టి పన్నెండేళ్లకోసారి వచ్చే తామ్రపర్ణి పుష్కరాలూ 2018లోనే వచ్చాయి. గురుడి పరిభ్రమణానికి 11.86 ఏళ్లు పడుతుంది కనుక 1838 నుంచి ఆ రెండు లెక్కల మధ్య రెండేళ్ల తేడా పేరుకుంది. అంకెలు కలవడం వేరు, కారణం వేరు.

మొక్కను దగ్గరగా చూస్తే మరో దారి కనిపిస్తుంది. ఎండిన కాయ చిట్లి గింజల్ని చిమ్ముతుంది, అవి ఎంతో దూరం పోవు. కార్చిచ్చు ఒక వాలును పూర్తిగా కాల్చేస్తే ఆ తర్వాత మొలిచేవన్నీ ఒకే ఈడువి. 2018 మార్చిలో ప్రాణాలు తీసిన కురంగణి మంటలను ఈ ప్రాంతం మరిచిపోలేదు. అలా ఒక్కసారి ఈడు కలిస్తే చాలు, శత్రువుల ఒత్తిడి లేకున్నా మొక్కలోని కాలగణనే ఆ వరుసను నడిపించగలదు. పైగా కొండకో వరుస ఉంది: బోడిమెట్టు దాటితే వచ్చే కేరళలోని శాంతన్‌పారలో, కల్లిప్పార కొండ మీద 2022లో కురింజి విరగబూసింది. ఒక కొండ 2018లో, ఇంకొకటి 2022లో కాస్తే ఎగిరే పిట్టలకు, పురుగులకు మధ్యలో తిండి దొరుకుతూనే ఉంటుంది. అప్పుడు ఆకలితో మాడ్చి శత్రువుల సంఖ్య తగ్గించడమన్న మాట ఎంతవరకు నిలుస్తుంది?

దీన్ని తేల్చే పద్ధతి ఉంది. వరుస తప్పి పూసిన చిన్న గుంపుల్లోను, మహాపూతలోను నూటికి ఎన్ని గింజలు పురుగుల, పిట్టల పాలవుతున్నాయో పోల్చాలి. గుంపుల్లో నష్టం మరీ ఎక్కువైతే పాత వాదానికి బలం వస్తుంది, తేడా లేకపోతే దాన్ని వదులుకోవాలి. తర్వాతి మహాపూత 2030లో రావాలి. తేని, మధురై కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు ఇప్పుడే కురంగణిలో పరిశీలన మడులు గుర్తించి, ఏటా గింజల లెక్క మొదలుపెట్టాలి.