కొత్త వర్డ్‌ప్రెస్ బ్లాగు – సెర్చ్ ఇంజన్ అనుకూలత

ఒక వెబ్‌సైటులోని పేజీలను గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజన్లు అడ్డంకి లేకుండా చేరుకుని, చదివి, తమ సూచికలో చేర్చుకోగలిగితే ఆ సైటు సెర్చ్ ఇంజన్లకు అనుకూలంగా ఉన్నట్టు. ర్యాంకు ఇందులో భాగం కాదు. వెతుకులాటలో మొదటి పేజీలో కనబడటం రాసిన విషయం మీద, పోటీ మీద, బయటినుంచి వచ్చే లింకుల మీద ఆధారపడుతుంది. దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. అనుకూలత మాత్రం పూర్తిగా సైటు యజమాని చేతిలో ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసి "మొదటి స్థానం గ్యారంటీ" అని డబ్బు అడిగే వాళ్లకు దూరంగా ఉండమని గూగులే తన మార్గదర్శకాల్లో చెబుతుంది.

బ్లాగు వేదికల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది వర్డ్‌ప్రెస్. బీ2/కేఫ్‌లాగ్ అనే పాత సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఆగిపోయినప్పుడు, దాని కోడును తీసుకుని మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తొలి కూర్పును విడుదల చేశారు. సెర్చ్ ఇంజన్లకు కావలసిన సాంకేతిక ఏర్పాట్లలో చాలా భాగం ఇప్పుడు అందులో పుట్టుకతోనే ఉంది. కాబట్టి కొత్త సైటు పెట్టినవారి పని కొత్తవి చేర్చడం కన్నా అడ్డుగా ఉన్నవి తీసేయడమే. తెలుగులో రాసేవారికి దీనికి తోడు లిపికి సంబంధించిన చిక్కులు రెండు మూడు ఉన్నాయి. ఇంగ్లీషు మార్గదర్శకాల్లో వాటి ఊసు ఉండదు.

ఇండెక్సింగుకు అనుమతి

సెర్చ్ ఇంజను పని మూడు దశల్లో సాగుతుంది. క్రాలర్ అనే ప్రోగ్రాము లింకులు పట్టుకుని పేజీలను తెచ్చుకుంటుంది, తెచ్చినదాన్ని సూచికలో చేర్చాలా వద్దా అని సెర్చ్ ఇంజను తేల్చుకుంటుంది, ఎవరైనా వెతికినప్పుడు వరుస పేర్చి చూపిస్తుంది. కొన్ని కొత్త బ్లాగులు రెండో దశలోనే ఆగిపోతాయి. అందుకు కారణం తరచుగా ఒకే ఒక్క టిక్కు.

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ అడుగున, ఈ సైటును సూచికలో చేర్చవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గడి ఒకటి ఉంటుంది. సైటు తయారవుతున్నన్నాళ్లూ డెవలపర్లు దాన్ని టిక్ చేసి ఉంచుతారు. అది సరైన పనే. సైటు ప్రారంభించిన రోజున ఆ టిక్కు తీయడం మరిచిపోతేనే చిక్కు. ఫేస్‌బుక్కులోనూ వాట్సాప్‌లోనూ బ్లాగు గురించి అందరికీ చెప్పుకుంటూ ఆ గడిని అలాగే వదిలేయడం శుభలేఖలు పంచి గేటుకు తాళం వేసుకున్నట్టే. గడి టిక్ అయి ఉంటే డాష్‌బోర్డు మొదటి పేజీలో ఆ సంగతి చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ తన సైట్‌మ్యాపును (సైటులోని పేజీల చిరునామాల జాబితాను) తయారు చేయడం కూడా మానేస్తుంది.

2019 నవంబరులో వచ్చిన 5.3 కూర్పుకు ముందు ఈ గడి రోబోట్స్ ఫైలు ద్వారా పనిచేసేది. ఆ తరువాత ప్రతి పేజీలో "నోఇండెక్స్" అనే మెటా ట్యాగును పెడుతోంది. ఈ మార్పు వెనుక ఒక మెలిక ఉంది. మార్టిన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించి, 2022లో ఇంటర్నెట్ ప్రమాణంగా నమోదైన రోబోట్స్ ఫైలు, క్రాలర్లను లోపలికి రావద్దని మాత్రమే అంటుంది. చిరునామాను సూచికలో పెట్టవద్దని అనదు. బయట ఎవరైనా లింకు ఇస్తే, లోపల ఏముందో చదవకపోయినా ఆ చిరునామా వెతుకులాట ఫలితాల్లో తేలవచ్చు. నోఇండెక్స్ సూచికలో చేర్చవద్దని చెబుతుంది, కానీ ఆ మాట చదవాలంటే క్రాలర్ పేజీలోకి రావాలి. ఒకే పేజీకి రెండూ పెడితే మొదటిది రెండోదాన్ని చదవనివ్వదు. ఏదైనా పేజీని దాచాలంటే నోఇండెక్స్ ఒక్కటే పెట్టడం మేలు. నిజంగా రహస్యమైనదైతే పాస్‌వర్డు తప్ప వేరే దారి లేదు.

సైటు చిరునామా

ఒకే సైటు హెచ్‌టీటీపీతో, హెచ్‌టీటీపీఎస్‌తో, ముందు మూడు డబ్ల్యూలతో, అవి లేకుండా – ఇలా నాలుగు చిరునామాల్లో తెరుచుకోవచ్చు. వాటిలో ఒకటి ఖాయం చేసుకుని మిగతా మూడింటినీ శాశ్వతంగా అటే మళ్లించాలి. ఎంచుకునేది హెచ్‌టీటీపీఎస్ అయి తీరాలి. గూగుల్ 2014 ఆగస్టులోనే దాన్ని ర్యాంకింగులో ఒక చిన్న సంకేతంగా లెక్కిస్తున్నట్టు ప్రకటించింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తున్నందున ఖర్చు సాకు కూడా చెల్లదు.

పర్మాలింకులు, తెలుగు అక్షరాలు

పర్మాలింకు అంటే ఒక్కో టపాకు (పోస్టుకు) ఉండే శాశ్వత చిరునామా. వర్డ్‌ప్రెస్‌లో ప్రశ్నార్థకంతో, అంకెతో ముగిసే రూపం ఒకటి, తేదీ కలిసిన రూపం ఒకటి, టపా పేరు మాత్రమే ఉండే రూపం ఒకటి ఉన్నాయి. ఎక్కువ బ్లాగులకు మూడోది సరిపోతుంది. తేదీ ఉన్న చిరునామా వార్తలకు నప్పుతుంది కానీ, ఆవకాయ పెట్టే పద్ధతిని పదేళ్ల నాటి సరుకులా చూపిస్తుంది. ఏది ఎంచుకున్నా మొదటి టపాకు ముందే ఎంచుకోవాలి. తరువాత మారిస్తే పాత చిరునామాలన్నిటినీ 301 అనే శాశ్వత మళ్లింపుతో కొత్తవాటికి కలపాల్సి వస్తుంది.

తెలుగు శీర్షిక పెట్టగానే వర్డ్‌ప్రెస్ ఆ అక్షరాలతోనే చిరునామా తయారు చేస్తుంది. బ్రౌజరులో అది చక్కగా తెలుగులో కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. యూనికోడులో తెలుగుకు కేటాయించిన ఒక్కో సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో పెట్టడానికి ఒక్కో బైటును శాతం గుర్తుతో మొదలయ్యే 3 అక్షరాలుగా మారుస్తారు. అంటే ఒక్క సంకేతానికి 9 అక్షరాలు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడి సంకేతాలే. ఈ లెక్కన "తెలుగు" అన్న మాట ఒక్కటే 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ టపా పేరుకు ఇచ్చే చోటు 200 అక్షరాలు. 22 తెలుగు సంకేతాలతో అది నిండిపోతుంది. "ఆంధ్రప్రదేశ్ ఆలయాల చరిత్ర" అని పేరు పెడితే చివరి "ర" రాలిపోయి చిరునామా "చరిత్" దగ్గర ఆగుతుంది. మూడు మాటల శీర్షికకే ఈ గతి. అదే లింకును కాపీ చేసి ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో అతికిస్తే శాతాలూ అంకెలూ నాలుగు వరుసల పొడుగున పరుచుకుంటాయి. చూసేవారు ఏదో వైరస్ లింకని అనుమానించడంలో తప్పులేదు.

గూగుల్ బ్లాగర్‌లో చిక్కు ఇంకో రకం. అది చిరునామా తయారు చేసేటప్పుడు తెలుగు అక్షరాలను వదిలేస్తుంది. పూర్తిగా తెలుగులో ఉన్న శీర్షికలకు "బ్లాగ్-పోస్ట్" అనే ఒకే పేరు పెట్టి, వెనక అంకెలు తగిలిస్తుంది. బ్లాగ్‌స్పాట్‌లోని వేల తెలుగు టపాల చిరునామాలు ఇలా అంకె ఒక్కటే తేడాగా, లోపల కవిత ఉందో కందిపచ్చడి ఉందో తెలియకుండా మిగిలిపోయాయి. టపా ప్రచురించే ముందు పర్మాలింకును మనమే రాసుకునే సదుపాయం అందులోనూ ఉంది. వాడుకునేవారే తక్కువ.

తెలుగు చిరునామాలను గూగుల్ చదవగలదు. వాటివల్ల ర్యాంకుకు నష్టం లేదు. కాబట్టి ఇది అనుకూలత కన్నా సౌలభ్యానికి సంబంధించిన నిర్ణయం. ఇంగ్లీషు లిపిలో రెండు మూడు మాటల చిరునామాను చేత్తో రాసుకోవడం, శీర్షికను మాత్రం తెలుగులో నిండుగా ఉంచడం ఆచరణలో మంచి పద్ధతి. చిరునామాలో తెలుగే కావాలనుకుంటే రెండు మాటలకు మించకపోవడం మంచిది.

సెర్చ్ ఇంజను చదవగల తెలుగు

యూనికోడు తెలుగు వాడుకలోకి రాకముందు వెబ్‌లో ఒక్కో దినపత్రికకూ ఒక్కో సొంత ఫాంటు ఉండేది. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి లాటిన్ అక్షరాలే. సెర్చ్ ఇంజనుకు అది అర్థంలేని అక్షరాల గుట్ట. అటువంటి పేజీలను యూనికోడులోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు "పద్మ" అనే పొడిగింపు వచ్చింది. ఆ కాలం పోయిందనుకుంటాం కానీ అచ్చు రంగంలో యూనికోడు కాని అను ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. పత్రికకు డీటీపీ చేయించిన వ్యాసాన్ని పీడీఎఫ్‌గా బ్లాగులో పెట్టినా, అందులోంచి కాపీ చేసి అతికించినా సెర్చ్ ఇంజను చేతికి వెళ్లేది మళ్లీ ఆ గుట్టే. యూనికోడులోకి మార్చాకనే ప్రచురించాలి. మార్పిడి సాధనాలు పొల్లులు, ఒత్తుల దగ్గర తప్పుతాయి కాబట్టి ఒకసారి దిద్దుకోవాలి.

కవితనో వంటకాన్నో బొమ్మ మీద అందంగా అచ్చువేసి పెట్టే అలవాటు కూడా తెలుగు బ్లాగుల్లో ఎక్కువ. బొమ్మ కింద అదే పాఠ్యాన్ని టైపు చేసి పెడితే తప్ప ఆ టపా వెతుకులాటలో నికరంగా దొరకదు. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్ పాఠ్యం రాయడం చూపు లేని పాఠకులకూ ఉపకారమే.

మామూలుగా రాసే చోట కూడా ఒక ఆలోచన ఉంది. తెలుగులో చాలా పేర్లకు రెండు మూడు వర్ణక్రమాలున్నాయి: ఫొటో, ఫోటో, హైదరాబాద్, హైదరాబాదు. పాఠకుడు ఏది టైపు చేస్తాడో తెలియదు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవారూ తక్కువేమీ కాదు. రెండో రూపం వ్యాసంలో ఎక్కడో ఒకచోట సహజంగా దొర్లితే చాలు. అన్ని రూపాలనూ అడుగున కుప్పపోయడం పాత కాలపు గారడీ, ఇప్పుడది స్పాం కిందికి వస్తుంది.

శీర్షిక, వివరణ, ప్లగిన్లు

పేజీ శీర్షికను తెలిపే టైటిల్ ట్యాగు ముఖ్యమైనది. ఫలితాల్లో నీలి అక్షరాల్లో కనిపించేది సాధారణంగా అదే. "నా మాట", "ఒక ఆలోచన" వంటి శీర్షికలు సాహిత్యంగా ఎంత బాగున్నా వెతికేవారికి ఏమీ చెప్పవు. మెటా వివరణ ర్యాంకును మార్చదు కానీ చూసినవారు నొక్కాలో వద్దో తేల్చుకోవడానికి పనికొస్తుంది. కీవర్డుల మెటా ట్యాగును ర్యాంకింగులో పట్టించుకోవడం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. అయినా దాన్ని నింపమనే సలహాలు నేటికీ తిరుగుతున్నాయి.

యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ వంటి ప్లగిన్లు ఈ పనులను సులువు చేస్తాయి. ఏదో ఒకటి చాలు. రెండు పెడితే ఒకే ట్యాగు రెండుసార్లు పడుతుంది. అవి చూపే ఎరుపు, ఆకుపచ్చ గుర్తులను తెలుగు రచయితలు మరీ పట్టించుకోనక్కర్లేదు. "గోదావరి" అన్న మాట గోదావరిలో, గోదావరికి, గోదావరి మీంచి అని రూపాలు మార్చుకునే భాష మనది. ముఖ్యపదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కొలమానం దీనికి అతకదు. ఆకుపచ్చ కోసం ప్రతి పేరాలోనూ ఒకే మాటను ఇరికిస్తే మనిషి చదవలేని తెలుగు మిగులుతుంది.

పనికిరాని పేజీలు

కొత్త వర్డ్‌ప్రెస్‌లో నమూనా టపా, నమూనా పేజీ, "అన్‌క్యాటగరైజ్డ్" అనే వర్గం ముందే ఉంటాయి. మొదటి రెంటినీ తొలగించి, మూడోదాని పేరు మార్చాలి. అసలు బెడద ట్యాగులతో వస్తుంది. పది టపాలకు యాభై ట్యాగులు పెడితే ఒక్కో టపా మాత్రమే ఉన్న పేజీలు యాభై పుడతాయి. ఒక్కరే రాసే బ్లాగులో రచయిత పేజీ, ముంగిలి పేజీ దాదాపు ఒకటే. ఐదారు వర్గాలు పెట్టుకుని ట్యాగులను తగ్గించడం మంచిది. అప్‌లోడ్ చేసిన ప్రతి బొమ్మకూ విడి పేజీ పుట్టే పాత అలవాటును, కొత్త సైటుల వరకు, 2023 నవంబరులో వచ్చిన 6.4 కూర్పు మాన్పించింది.

వేగం

గూగుల్ తన సూచికను ఇప్పుడు ఫోనులో కనిపించే రూపాన్ని బట్టే తయారు చేస్తుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు తెర మీదికి రావాలని, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలని దాని కోర్ వెబ్ వైటల్స్ కొలతలు చెబుతాయి. తెలుగు సైట్లలో ఒత్తులూ గుణింతాలూ కలిసిన ఫాంటు ఫైళ్లు బరువుగా ఉంటాయి. శీర్షికలకు రామభద్ర, సురవరం వంటివి వాడుకుని, పాఠ్యాన్ని ఫోనులో ముందే ఉన్న తెలుగు ఫాంటుకు వదిలేస్తే చాలా భారం తగ్గుతుంది.

సైట్‌మ్యాపు, సెర్చ్ కన్సోలు

2020 ఆగస్టులో వచ్చిన 5.5 కూర్పు నుంచి వర్డ్‌ప్రెస్ సైట్‌మ్యాపును తానే తయారు చేస్తోంది. దాని చిరునామాను గూగుల్ సెర్చ్ కన్సోలులోనూ బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోనూ ఒకసారి ఇస్తే చాలు. రెండూ ఉచితం. సైట్‌మ్యాపు ఒక సూచన మాత్రమే, అందులో ఉన్న ప్రతి పేజీ సూచికలో చేరాలని లేదు. సెర్చ్ కన్సోలులో ఒక టపా చిరునామా ఇచ్చి పరీక్షిస్తే అది సూచికలో ఉందా, లేకపోతే ఎందుకు లేదో తెలుస్తుంది. "క్రాల్ చేశాం, ప్రస్తుతం సూచికలో లేదు" అని వస్తే సాంకేతిక లోపమని హైరానా పడనక్కర్లేదు. పేజీని చూసి, చేర్చుకోదగినంత విషయం అందులో ఉందని సెర్చ్ ఇంజను అనుకోలేదని దాని అర్థం.

లింకులు

గూగుల్ పుట్టుకకు మూలమైన పేజ్‌ర్యాంక్ ఆలోచన, ఒక పేజీ నుంచి మరో పేజీకి ఉన్న లింకును ఓటుగా లెక్కించడమే. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు (బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపే సైట్లు) జోరుగా నడిచిన రోజుల్లో కొత్త తెలుగు బ్లాగు వాటిలో చేరగానే పాఠకులూ క్రాలర్లూ ఒకే దారిన వచ్చేవారు. ఆ కాలం గడిచిపోయింది. ఇప్పుడు కొత్త బ్లాగరు తన పాత టపాల నుంచి కొత్తవాటికి, కొత్తవాటి నుంచి పాతవాటికి లింకులు ఇచ్చుకోవాలి. అదే విషయం మీద రాసే ఇతర తెలుగు రచయితలతో పరిచయం పెంచుకోవాలి. అందరి బ్లాగుల కిందా వ్యాఖ్యల్లో సొంత చిరునామా అంటించి రావడం వృథా: 2005 నుంచి అటువంటి లింకులకు, వాటిని ఓటుగా లెక్కించవద్దని సెర్చ్ ఇంజన్లకు సూచించే "నోఫాలో" ముద్ర పడుతోంది, వికీపీడియాలో చేర్చే బయటి లింకులకూ అదే ముద్ర.