వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి

పాతకారును ఇంట్లోనే బాగుచేసుకోవడం ఇప్పుడొక ముచ్చటైంది. ఏ తాతగారో వాడి వదిలేశాక, పెరట్లో రేకులషెడ్డు కింద పాతికేళ్ళపాటు కోడిపిల్లలకు నీడనిచ్చిన మోరిస్ మైనరో, అంబాసిడరో ఒకరోజు వెలుగులోకి వస్తుంది. టింకరింగ్ అవుతుంది, రంగు పడుతుంది, సీట్లకు కొత్త గుడ్డ వస్తుంది. ఇరుగుపొరుగువారు వచ్చి "అబ్బ, పెళ్ళికూతురులా ఉందండీ!" అని మెచ్చుకుని వెడతారు. ఆ తర్వాత తాళంచెవి తిప్పుతారు. పెళ్ళికూతురు పలకదు. ముందు దీపం వెలిగితే వెనక దీపం వెలగదు. బ్రేకు తొక్కితే పక్కదీపం మినుకుమంటుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆదివారం భోజనాలు మూడు గంటలకే!

ఇంజను చెడితే చప్పుడు చేసి చెబుతుంది. టైరు చెడితే కంటికి కనిపిస్తుంది. కరెంటు జబ్బు మాత్రం కనపడదు, వినపడదు. అందుకని దాన్ని పట్టుకోవాలంటే చేతిలో పనిముట్టు కంటే ముందు బుర్రలో దాని కథ ఉండాలి. కారులోకి కరెంటు ఒక్కరోజున వచ్చింది కాదు. ఒక్కో అవసరానికి ఒక్కో భాగం చుట్టపుచూపుగా వచ్చి, అక్కడే స్థిరపడిపోయింది. ఎవరెందుకు వచ్చారో తెలిస్తే, ఎవరెందుకు అలిగారో తెలుస్తుంది గదా!

మొదట వచ్చింది ఒక్క నిప్పురవ్వే. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886లో పేటెంటు తీసుకునేనాటికి దానికి విద్యుద్దీపాలు లేవు, హారన్ లేదు. పెట్రోలు ఆవిరిని అంటించడానికి బ్యాటరీ, కాయిలు, ఒక తీగ - అంతే. ఆ కొంచెం కరెంటుకే జబ్బు చేసింది. దానికి వైద్యం చేసింది ఎవరనుకున్నారు? ఆయన భార్య బెర్తా.

1888 ఆగస్టులో ఆవిడ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం అంతకుముందు ఏ కారూ వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళిందెక్కడికనుకున్నారు, పుట్టింటికి! దారిలో వీస్లోఖ్ అనే ఊళ్ళో మందులషాపులో ఇంధనం కొన్నది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో తీసింది. నిప్పురవ్వ తీగ పైతొడుగు ఊడి ఇనుముకు తగులుతుంటే, మేజోళ్ళు జారకుండా కట్టుకునే సాగేపట్టీ తీసి దానికి చుట్టిందని చెబుతారు. చరిత్రకెక్కిన మొదటి కారు ఎలక్ట్రీషియన్ ఆవిడే అనుకోవచ్చు. ఆవిడ చుట్టింది నేటి ఇన్సులేషన్ టేపుకు పెద్దమ్మ.

బెర్తా చూసిన జబ్బే ఇప్పటికీ పాతకార్లలో మొదటి జబ్బు. ప్లాస్టిక్ తొడుగు రాకముందు కార్ల తీగలకు రబ్బరు పూత పూసి, దానిమీద నూలు అల్లేవారు. రబ్బరు వయసు మీదపడ్డకొద్దీ గట్టిపడుతుంది. యాభై అరవై ఏళ్ళ తర్వాత వంచిచూస్తే అప్పడంలా పలుకులౌతుంది. పైనున్న నూలు మాత్రం ముసలాయన సిల్కు కండువాలా దర్జాగానే కనిపిస్తుంది. లోపల రాగి బయటపడి ఇనుముకు తగిలిందంటే షార్టే. డాష్‌బోర్డు వెనక పొగ, ఒక్కోసారి మంట. కాబట్టి పాతకారు తీగలమీద చెయ్యి వేసేముందు చెయ్యాల్సిన మొదటి పని బ్యాటరీ తీగ ఊడదియ్యడం. పక్కన పిల్లలు ఆడుకుంటుంటే ఇది మరీ ముఖ్యం. పొరలు లేచిన తీగను టేపుతో సముదాయించే కంటే మార్చెయ్యడం మేలు. బెర్తాకు పుట్టిల్లు చేరితే చాలు. మనకు కారు ఇంట్లో ఉండాలి.

ఇక రెండో చుట్టం సంగతి. తొలినాళ్ళలో కారు కదలాలంటే ముందుకెళ్ళి హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అది ఎదురు తన్నిందంటే మణికట్టు విరగడమే. అందుకే డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది బ్యాటరీతో నడిచే కార్లు ఇష్టపడేవారు. లోకాన్నంతా పెట్రోలు కార్లెక్కించిన హెన్రీ ఫోర్డు గారి సొంత ఇంట్లోనే, ఆయన భార్య క్లారా నడిపింది 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు! ఫోర్డు గారి మోడల్-టి కి మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు 1919 దాకా రాలేదు మరి.

ఆ ఏర్పాటు చేసినవాడు అమెరికాలో డేటన్ ఊరివాడైన చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఆయన దుకాణాల్లో డబ్బులపెట్టెకు చిన్న మోటారు అమర్చాడు. ఇంజను తిప్పేంత బలమైన మోటారు కారులో పట్టదని పెద్దపెద్ద ఇంజనీర్లు అంటుంటే, ఆయనకు తట్టిన విషయం ఒకటే: ఈ మోటారు రోజంతా తిరగనక్కరలేదు, నాలుగు క్షణాలు తిరిగితే చాలు. చిన్న మోటారు చేత ఆ నాలుగు క్షణాలూ మోయలేనంత బరువు మోయించవచ్చు. 1911లో తయారై, 1912 మోడల్ క్యాడిలాక్ కారుతో అది బజారుకెక్కింది. దాని పేరు సెల్ఫ్ స్టార్టర్. "సెల్ఫ్ తీసుకోవడం లేదండీ" అని మన మెకానిక్కులు అనే మాట అక్కడిదే. కెటరింగ్ కంపెనీ పేరు డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ, పొట్టిగా డెల్కో. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగాన్ని ఇప్పటికీ డెల్కో అనే మేస్త్రీలున్నారు.

సెల్ఫ్ వచ్చింది, చెయ్యి విరగడం తప్పింది. కాని ఆ తర్వాత జరిగింది మన సన్యాసి గోచీ కథే. గోచీని ఎలుక కొడుతోందని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చాడు, ఆవును చూడ్డానికి మనిషి కావాలని చివరికి పెళ్ళి చేసుకున్నాడట. ఇక్కడా అంతే. సెల్ఫ్‌కు పెద్ద బ్యాటరీ కావాలి. బ్యాటరీ నింపడానికి డైనమో కావాలి. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా కటౌటు కావాలి. జోరుగా తిరిగేటప్పుడు కరెంటు ఎక్కువైపోకుండా రెగ్యులేటరు కావాలి. కరెంటు ఎలాగూ ఉందిగదా అని దీపాలు, హారన్, వైపరు, రేడియో అన్నీ వచ్చి చేరాయి. ఒక్క నిప్పురవ్వతో మొదలైన కాపురం ఉమ్మడి కుటుంబమైంది.

ఈ కథ తెలిస్తే కొన్ని జబ్బులు అసలు జబ్బులే కావని తేలుతుంది. డైనమో ఉన్న పాతకారు ఆగి ఉండగా ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు డాష్‌బోర్డులో ఎర్రదీపం మినుకుమంటుంది, ముందు దీపాలు కాస్త మసకబారతాయి. అది దాని స్వభావం. అప్పుడు డైనమో సంపాదన ఖర్చుకు చాలదు. కాస్త వేగం అందుకున్నాక కూడా ఎర్రదీపం ఆరకపోతేనే బెల్టు వదులైందా, డైనమో బ్రష్షులు అరిగాయా, కటౌటు సరిగ్గా కలవడం లేదా అని చూడాలి. 1960ల నుంచి ఆల్టర్నేటరు వచ్చాక ఈ బాధ చాలామటుకు తగ్గింది.

మన దేశంలో తిరిగిన పాతకార్లలో చాలావాటిది బ్రిటిష్ వంశం. 1957లో వచ్చిన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కడుపున పుట్టిందే. ఆ వంశానికి కరెంటు సామాను అమర్చినవారు బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకాస్ వారు. జోసెఫ్ లూకాస్ వీధుల్లో కిరసనాయిలు అమ్ముకుంటూ మొదలుపెట్టి, లాంతర్లు చేసి పైకొచ్చినవాడు. ఆయన కంపెనీ మీద ఇంగ్లీషువాళ్ళు వేసుకున్న జోకులు ఇన్నీ అన్నీ కావు. ఆయన్ను "అంధకార రాకుమారుడు" అన్నారు. లూకాస్ స్విచ్చికి మూడే స్థానాలట: మసక, మినుకు, ఆఫ్! అయితే తప్పంతా లూకాస్‌దే అనడం న్యాయం కాదు. మోరిస్ మైనరులో కారంతటికీ రెండే ఫ్యూజులు. చలి, చెమ్మ, తుప్పు, యాభై ఏళ్ళ వార్ధక్యం - వీటన్నిటి పాపమూ దీపాలు చేసినవాడి నెత్తిన పడింది.

పైగా లూకాస్ మనకో ఉపకారం చేసిపెట్టాడు. ఆ కార్లలో తీగల రంగులకు ఒక భాష ఉంది. చీర చూసినట్టు చూడాలి: ఒంటిరంగు ఒకటి, అంచు ఒకటి. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి తిన్నగా వచ్చేది, ఎప్పుడూ ప్రాణంతో ఉంటుంది. తెల్లది తాళంచెవి తిప్పాక ప్రాణం పోసుకునేది. ఆకుపచ్చది ఆ తెల్లదే ఫ్యూజు దాటి వచ్చాక. నీలం పెద్దదీపాలది, ఎరుపు పక్కదీపాలది. నీలానికి తెల్ల అంచుంటే దూరపు వెలుగు, ఎర్ర అంచుంటే కిందికి దించిన వెలుగు. నలుపు ఎర్త్. చీరల దుకాణంలో వంద చీరల మధ్య నిమ్మపండు ఒంటికి చిలకపచ్చ అంచు గుర్తుపట్టే కళ్ళకు ఇదొక లెక్కా! దుమ్ము తుడిచి, రంగు వెలిసిన చోట క్లిప్పు కింద దాగిన భాగం చూస్తే అసలు రంగు కనిపిస్తుంది.

ఆ నల్లతీగ దగ్గరే అసలు కథ ఉంది. కరెంటు బ్యాటరీలో బయలుదేరి దీపం దాకా వెళితే సరిపోదు, తిరిగి బ్యాటరీకి రావాలి. వెళ్ళడానికి తీగ ఉంది. రావడానికి? ఖర్చు తగ్గుతుందని కారు ఇనుప శరీరాన్నే తిరుగుదారి చేశారు. ప్రతి దీపం దగ్గరా ఒక చిన్న నల్లతీగో, మరమేకో ఇనుముకు తగులుతూ ఉంటుంది. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుంటుంది గనక, దాన్నుంచి బాడీకి ఒక అల్లిన రాగిపట్టీ వేస్తారు.

ఇప్పుడు మన పెళ్ళికూతుర్ని చూడండి. అంతా కొత్త రంగు! మరమేకు కింద కూడా రంగే. రంగు కరెంటును పోనివ్వదు. అందం కోసం పూసిన పూతే తిరుగుదారి మూసేసింది. అప్పుడు కరెంటు పక్కదీపం గుండా అడ్డదారిన పోతుంది. బ్రేకు తొక్కితే పక్కదీపం మినుకుమనడానికి కారణం అదే. ఇంజను పట్టీ మరిచిపోతే ఇంకా చిత్రం. సెల్ఫ్ కరెంటంతా ఇంజనుకు తగిలి ఉన్న చోక్ తీగ గుండా తిరిగి వస్తుంది, ఆ తీగ కాలి పొగలొస్తాయి. చోక్ మార్చినా పొగ ఆగదు. జబ్బు అక్కడ లేదుగా!

"దీపం వెలుగుతోంది, మరి సెల్ఫ్ ఎందుకు తిరగదు?" అంటారు. పక్కదీపానికి అర ఆంపియరో, ఒక ఆంపియరో చాలు. సెల్ఫ్‌కు నూరు ఆంపియర్లకు పైనే కావాలి. దారిలో ఒక ఓములో ఇరవయ్యో వంతు అడ్డున్నా దీపానికి పట్టదు. సెల్ఫ్‌కు మాత్రం 12 వోల్టుల్లో 5 వోల్టులదాకా ఆ తుప్పులోనే పోవచ్చు. సందుదారిలో సైకిలు పోతుంది, పెళ్ళివారి బస్సు పోదు.

కాబట్టి వరస ఇది. ముందు బ్యాటరీ: నిండుగా ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపాలి. దాని కొనలమీద తెల్లటి బూజులాంటి పొక్కుంటే వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక వాజలీన్ రాయాలి. తర్వాత ఎర్త్ కలిసే ప్రతిచోటా ఉప్పుకాగితంతో రంగు గీకి, ఇనుము మెరిసేట్టు చెయ్యాలి. ఆ తర్వాతే ఫ్యూజులు, స్విచ్చులు. ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టుకుని, బ్యాటరీ వైపునుంచి ఒక్కొక్క మజిలీ చూసుకుంటూ రావాలి. వెలుగు ఆగిపోయిన మజిలీకి ముందే జబ్బుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

ఇంకొక్క మాట. బ్రిటిష్ కార్లలో చాలావాటికి 1960ల మధ్యదాకా బాడీకి కలిపింది బ్యాటరీ ప్లస్ కొన. ఈనాటి అలవాటు మైనస్ కొన. తెలియక తిప్పి బిగిస్తే దీపాలు యథాప్రకారం వెలుగుతాయి, సెల్ఫ్ కూడా సరిగ్గానే తిరుగుతుంది. కాని ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే దానికి నూకలు చెల్లినట్టే, డైనమో మొరాయిస్తుంది. కొత్త బ్యాటరీ కొనేముందు పాత తీగ ఏ కొనకుందో ఒక కాగితంమీద రాసిపెట్టుకోవడం మంచిది. ఆ కాగితం ఇంటావిడ దగ్గరుంటే మరీ మంచిది. రెండేళ్ళ తర్వాత అడిగినా దొరుకుతుంది.