ఐచ్ఛికం ఎవరికి? – అమెరికా కాలేజీ ప్రవేశాల్లో పరీక్ష మార్కుల చరిత్ర

మార్కుకు కులం లేదని మనకు చెప్తారు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా రోడ్డెక్కినవాళ్ల వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. అమెరికాలో ఇదే మాటను మార్కుకు రంగు లేదని చెప్తారు. అక్కడ కాలేజీలో చేరాలనుకునే పిల్లలు శాట్ అనో, ఏసీటీ అనో ఒక పరీక్ష రాస్తారు. 2020 తర్వాత చాలా కాలేజీలు ఆ మార్కును ఐచ్ఛికం చేశాయి. ఇష్టముంటే దరఖాస్తుతో పాటు పంపు, లేకుంటే మానెయ్, పంపలేదని తప్పు పట్టం అన్నాయి. వినడానికి ఇది పేదవాడి పక్షాన ఇచ్చిన తీర్పులాగే ఉంటుంది. కానీ పంపాలా వద్దా అని తేల్చుకోవాల్సింది పదిహేడేళ్ల పిల్లలు. సరిగ్గా తేల్చుకోవడానికి కావలసిన సమాచారం ఎవరి ఇంట్లో ఉంది? ఈ వ్యాసంలో మా ప్రశ్న ఇదే. దానికి ముందు ఈ మార్కు ఎక్కడ పుట్టిందో చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917-18ల్లో, అమెరికా సైన్యం తన సైనికులకు పెద్ద ఎత్తున బుద్ధి పరీక్షలు పెట్టింది. ఆ లెక్కల్ని తీసుకుని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక పుస్తకం రాశాడు. ఉత్తర యూరప్ తెల్లవాళ్లు పుట్టుకతోనే తెలివైనవాళ్లని, దక్షిణ, తూర్పు యూరప్‌ల నుంచి వలస వచ్చినవాళ్లూ నల్లజాతి వాళ్లూ పుట్టుకతోనే తక్కువని అందులో తేల్చాడు. మనువు చెప్పిందే సైన్సు పేరుతో మళ్లీ చెప్పాడన్నమాట. ఆ బ్రిగమే కాలేజ్ బోర్డు కోసం శాట్‌ను తయారుచేశాడు. 1926 జూన్ 23న సుమారు 8,000 మంది దాన్ని మొదటిసారి రాశారు. 1930లో తన పాత వాదనకు పునాది లేదని బ్రిగమే ఒప్పుకున్నాడు. మనిషి మాట మార్చుకున్నాడు గానీ పరీక్ష ఆగలేదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1913 నుంచి 1916 వరకు చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఆయన అక్కడ్నుంచి వెళ్లిన మూడేళ్లకు, 1919లో, డిగ్రీ ప్రవేశాలకు బుద్ధి పరీక్షను వాడడం మొదలైంది. యూదు విద్యార్థుల సంఖ్య తగ్గించాలన్న ఉద్దేశం దాని వెనక ఉంది. పాఠాల మీద పెట్టే పరీక్షల్లో యూదు పిల్లలు నెగ్గుకొస్తున్నారు గనక కొలబద్దనే మార్చారు.

నల్లజాతి మేధావులు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. హొరేస్ మన్ బాండ్ అనే యువ విద్యావేత్త 1924లోనే దీనికి జవాబు రాశాడు. సైన్యం లెక్కల్నే తిరగేసి చూపించాడు. కొన్ని ఉత్తరాది రాష్ట్రాల నల్లవాళ్ల మార్కులు కొన్ని దక్షిణాది రాష్ట్రాల తెల్లవాళ్ల మార్కుల కన్నా ఎక్కువగా ఉన్నాయి. తెలివి రక్తంలో ఉంటే ఇదెట్లా సాధ్యం? బడి ఉన్నచోట మార్కు ఉంది, బడి లేనిచోట మార్కు లేదు. ఆయన చెప్పింది అంతే.

మార్కు గోడగా ఎట్లా మారుతుందో మిసిసిపీ రాష్ట్రం చూపించింది. 1962లో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుడు సైన్యం కాపలా మధ్య అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ మరుసటి ఏడాదే, 1963లో, ఆ రాష్ట్రంలోని మూడు పెద్ద తెల్లవాళ్ల విశ్వవిద్యాలయాలు ఏసీటీలో 15 వస్తేనే ప్రవేశం అన్నాయి. అప్పుడు అక్కడ తెల్ల విద్యార్థుల సగటు 18, నల్ల విద్యార్థుల సగటు 7. నిబంధనలో రంగు మాటే లేదు. 15 అన్న అంకె ఒక్కటే ఉంది. ఆ అంకె చేయాల్సిన పని చేసేసింది. జేక్ అయర్స్ అనే తండ్రి 1975లో వేసిన దావా 1992లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాకే, ఆ నిబంధన పుట్టుకలోనే వివక్ష ఉందన్న సంగతి దేశమంతా చదివింది.

అయితే కథకు రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాచితే మనం చరిత్ర రాసినట్టు కాదు. 1930లలో హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్, డబ్బున్నవాళ్ల ప్రైవేటు బడుల బయట కూడా చదువుకునే పిల్లలుంటారని, వాళ్లను వెతికి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఈ శాట్‌నే పట్టుకున్నాడు. సిఫారసు ఉత్తరం రాసిపెట్టేవాళ్లు లేని పిల్లకు, తాత పేరు చెప్పుకోలేని పిల్లవాడికి, మార్కు ఒక్కోసారి ఏకైక సాక్షి. తలుపు మూసేదీ అదే, సాక్ష్యం పలికేదీ అదే.

ఈ రెండింటి మధ్య నుంచి ఐచ్ఛికం అన్న మాట వచ్చింది. మెయిన్ రాష్ట్రంలోని బౌడన్ కాలేజీ 1969లోనే ఆ దారి పట్టింది. చాలాకాలం చిన్న కాలేజీలే దాని వెంట నడిచాయి. 2020లో కరోనా వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడ్డాక హార్వర్డ్, యేల్ లాంటివి కూడా అదే బాట పట్టాయి.

ఇప్పుడు విద్యార్థి ఏం చేస్తాడు? కాలేజీ అచ్చువేసిన లెక్క చూస్తాడు. చేరినవాళ్లలో నడిమి సగం మందికి ఇంత నుంచి ఇంత వరకు మార్కులు వచ్చాయని అందులో ఉంటుంది. తన మార్కు అంతకన్నా తక్కువుంటే దాచుకుంటాడు. తక్కువ మార్కులవాళ్లంతా దాచుకునేసరికి మరుసటి ఏడాది అచ్చయ్యే లెక్క ఇంకా పైకి పోతుంది. దాన్ని చూసి ఇంకొందరు దాచుకుంటారు. ఎవరూ ఎత్తకుండానే గోడ ఎత్తు పెరుగుతుంది.

డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు తమ దరఖాస్తుల్నే తీసి చూశారు. పేద ఇళ్ల నుంచి, వాళ్ల కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కేవాళ్ల నుంచి వచ్చిన దరఖాస్తుల్లో, పంపి ఉంటే సీటుకు అవకాశం పెంచే మార్కుల్ని కూడా పంపలేదని తేలింది. 1600కు 1400 దాటినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ప్రవేశాల అధికారులు మార్కును ఆ పిల్ల చదివిన బడితో పోల్చి చూస్తారు. చుట్టూ ఎవరికీ అంత రాని బడిలో 1400 వస్తే అది పెద్ద మార్కే. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు. డబ్బున్నవాళ్లు ఇదే సలహా కోసం ఫీజు కట్టి కౌన్సెలర్‌ను పెట్టుకుంటారు. 2024 ఫిబ్రవరిలో డార్ట్‌మత్ మార్కును మళ్లీ తప్పనిసరి చేసింది. అదే ఏడాది యేల్, బ్రౌన్, హార్వర్డ్ ఐచ్ఛికాన్ని వదిలేశాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మాత్రం 2021లో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టి, పంపినా చూడం అంది.

తప్పనిసరి చేస్తే న్యాయం జరిగిపోతుందని మేము అనడం లేదు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం, శాట్‌లోనో దానికి సమానమైన పరీక్షలోనో 1300 దాటే అవకాశం పేద పిల్లల కన్నా పైనున్న ఒక్క శాతం కుటుంబాల పిల్లలకు 13 రెట్లు ఎక్కువ. మార్కులో ఇల్లుంది, బడి ఉంది, ట్యూషన్ ఉంది. మార్కు దాస్తే ఆ తేడా చెరిగిపోదు. వ్యాసాల్లోకి, సిఫారసుల్లోకి చేరి కూర్చుంటుంది. అక్కడ దాన్ని లెక్కపెట్టడం ఇంకా కష్టం.

ఈ దాచుకోవడం మనకు కొత్త కాదు. మన ఐఐటీల్లో, మెడికల్ కాలేజీల్లో కొత్తగా చేరిన పిల్లల్ని మొదట అడిగేది ‘నీ ర్యాంకెంత?’ అనే గదా! అడిగేవాడికి కావలసింది కులం. పేరు అడిగినంత మామూలుగా ర్యాంకు అడుగుతాడు. మా ఇళ్లలో మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కినవాళ్లం మేము. ఆ ప్రశ్న వినపడగానే మాట మార్చడం మాకు తెలుసు. దాచినా అనుమానమే, చెప్పినా అవమానమే. అలాంటి చోట దాచుకునే స్వేచ్ఛ నీకుందిగా అంటే ఏం ఒరుగుతుంది?

మన వాడల నుంచి, సంక్షేమ హాస్టళ్ల నుంచి పిల్లలు రేపు ఆ దరఖాస్తులు నింపుతారు. టీచర్లూ కార్యకర్తలూ వాళ్లకు రెండు మాటలు చెప్పగలగాలి. ఒకటి, మార్కును కాలేజీ అచ్చువేసిన లెక్కతో మాత్రమే పోల్చుకోవద్దు. నీ బడిలో, నీతో చదివినవాళ్లకు ఎంత వచ్చిందో కూడా చూసుకో. వాళ్లందరికన్నా నీది ఎక్కువైతే, లోపల చదివేవాళ్లు ఆ తేడాను చూసే వీలుంది. రెండు, సందేహముంటే ఆ కాలేజీ ప్రవేశాల ఆఫీసుకే ఉత్తరం రాసి అడుగు. అడగడం తప్పు కాదు.

కాలేజీల్ని అడగాల్సింది వేరే ఉంది. మార్కును ఎట్లా చదువుతారో, ఏ బడితో పోలుస్తారో, పంపనివాళ్లలో ఎంతమందికి సీటిచ్చారో ప్రతి ఏడాదీ అచ్చువెయ్యాలి. నియమం లోపలివాళ్లకు మాత్రమే తెలిసినంతకాలం ఐచ్ఛికం కూడా ఒక ప్రవేశ పరీక్షే. దానికి సిలబస్ ఎవరూ ఇవ్వరు, అంతే తేడా.