పరిశుద్ధత కూలి తగాదా అయిన రోజులు

నేటి తెలుగు సంఘాల్లో పరిశుద్ధత మీద ప్రసంగం మొదలైతే అది ఎక్కువగా మనిషి లోపలికే తిరుగుతుంది. తలపులు, చూపులు, కోపతాపాలు, ఎవరికీ తెలియని పాపాలు. బయటి జీవితానికి వచ్చేసరికి సినిమాలు, నగలు, మద్యం దగ్గర ఆగిపోతుంది. అందువల్ల పరిశుద్ధపరచబడటమంటే ఒంటరి మనిషి తన మనసుతో చేసే పోరాటమని మనకు అలవాటైపోయింది. ఒంగోలు చుట్టుపట్ల బాప్టిస్టు సంఘం పుట్టిన తొలి దశాబ్దాలను చూస్తే ఈ అలవాటు నిలవదు. అక్కడ పరిశుద్ధత కల్లం దగ్గరా, అమ్మవారి కొలుపుల్లోనూ తేలాల్సి వచ్చింది, అదీ పల్లె మొత్తం కలిసి తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ తరం బయటి ఆచారాలు పట్టుకుని లోపలి మార్పును వదిలేసిందని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఊరికి కట్టుబడిన చాకిరీ నుంచి దేవుడి పేరు మీద విడిపోవడమే వాళ్లు ఎరిగిన పరిశుద్ధత అనీ, దానిలో లోపలనీ బయటనీ విడదీయడానికి వీల్లేదనీ నా వాదన.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. పాతికేళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడా జరిగింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాక గాలి మారింది. మార్చినవాడు క్లౌ ఒక్కడే అంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అదే ఏడాది బాప్తిస్మం తీసుకుని, క్లౌ తన ఊరు తలకొండపాడు రాకముందే చుట్టుపక్కల బంధువులందరికీ కబురు చెప్పి సిద్ధం చేసి పెట్టాడు. ఈ పేరయ్య అంతకుముందు గురువుల దగ్గర రాజయోగం అభ్యసించిన సాధకుడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899 నాటి తన పుస్తకంలో ఆ గురువుల సంగతి వివరంగా రాసింది. ఇది చిన్న విషయం కాదు. మనసును అదుపు చేసుకోవడం, ఏకాంత ధ్యానం, విగ్రహాలకు అతీతుడైన దేవుడు, ఇవన్నీ మాదిగపల్లెలో అప్పటికే ఉన్నాయి. లోపలి శుద్ధి కోసమైతే పేరయ్యకు మిషనరీతో పనిలేదు. యోగం అతని మనసును మార్చింది కానీ ఊరితో అతని వాళ్లకున్న లెక్కను ముట్టుకోలేదు. కొత్తగా వచ్చిన మతం నేరుగా ఆ లెక్క మీదే చెయ్యి వేసింది.

క్లౌ కొత్త విశ్వాసుల నుంచి కోరినవి ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. దూరం నుంచి చూస్తే ఏ మిషనరీ అయినా చెప్పే నియమాల్లాగే ఉన్నాయి. పల్లె నుంచి చూస్తే మూడూ ఊరి కట్టుబాటులోని మూడు ముళ్లు. ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని ఈడ్చుకుపోవడం మాదిగ బాధ్యత, దాని మాంసం, తోలు మాదిగ హక్కు. ఆ తోలుతో రైతులకు చెప్పులూ కపిల బానలూ కుట్టి ఇస్తే, పంట కాలంలో కల్లం దగ్గర మేర దొరుకుతుంది. అంటే ఆ మాంసం తిండి ఒక్కటే కాదు, జీతంలో భాగం. దాన్ని వద్దంటే జీతం లెక్క తిరగరాయమని అడిగినట్టు. ఆదివారం సంగతి మరీ చిక్కు. కోతల రోజుల్లో ఏడో రోజు కొడవలి పట్టనంటే ఏ ఆసామీ ఊరుకుంటాడు? ఇక విగ్రహారాధన మానడమంటే గుడికి వెళ్లకపోవడం అనుకుంటే పొరపాటు, మాదిగలను గుళ్లోకి రానిచ్చిందెవరు? మానడమంటే కొలుపుల్లో, జాతరల్లో డప్పు కొట్టకపోవడం. డప్పు లేకుండా అమ్మవారి పండుగ జరగదు కాబట్టి ఊరంతటికీ కోపం వచ్చింది. క్రైస్తవులైన పల్లెలకు పనులు ఆపేశారు, నీళ్లకు అడ్డుపడ్డారు, చాకళ్లనూ మంగళ్లనూ రానివ్వలేదు. ఇంత నష్టాన్ని ఒక ఇల్లు ఒంటరిగా భరించలేదు. అందుకే పల్లె పెద్దలు కూర్చుని అందరి తరఫునా నిర్ణయించుకునేవాళ్లు. మారడమూ, మారాక నిలబడటమూ గుంపుగానే సాగాయి.

వేదాంతం తెలిసినవాళ్లు ఇక్కడే అడ్డుపడతారు. నోట్లోకి పోయేది మనిషిని అపవిత్రం చేయదని మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసే చెప్పాడు కదా, కృపతో రక్షణ అని బోధించే బాప్టిస్టులు తిండి నియమాలెందుకు పెట్టారు? ప్రశ్న సమంజసమే. అయితే బైబిలు ఈ విషయంలో ఒకే స్వరంతో మాట్లాడదు. దానంతట అదే చచ్చినదాన్ని తినవద్దని ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చెప్పింది, మీరు దేవునికి ప్రతిష్ఠితమైన జనం అన్నదే దానికి చూపిన కారణం. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో యెరూషలేము పెద్దలు యూదేతరులకు సున్నతి అక్కర్లేదంటూనే రక్తాన్నీ, గొంతు పిసికి చంపినదాన్నీ విడిచిపెట్టమన్నారు. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు పరిశుద్ధతను వివరించేటప్పుడు వాడిన పోలిక యజమానీ దాసుడూ: అవయవాలు ఎవరికి దాసులుగా అప్పగిస్తారన్నదే అక్కడి ప్రశ్న. చదువుకున్న సంఘంలో ఇది ఉపమానంగా మిగిలిపోతుంది. డప్పు కొట్టే చేతులకూ గొడ్డును మోసే భుజాలకూ అది ఉపమానం కాదు. కాబట్టి మిషనరీ పెట్టినవి నియమాలే అయినా, పల్లె వాటిని అందుకున్నది నియమాలుగా కాదని నాకనిపిస్తుంది.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. ఇదంతా అగ్రకులాల శుచీ శుభ్రతల లెక్కను క్రైస్తవం పేరుతో మళ్లీ పల్లె మీద రుద్దడమేనని కొందరు సామాజికవేత్తల వాదన. పైకులాల ఆచారాలు అనుకరించి కింది కులాలు మెట్టు ఎక్కజూడటాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నాడు, ఇదీ అలాంటిదేనా? అనుకరణే అయితే మొదట మానాల్సింది గొడ్డు మాంసాన్నీ తోలు పనినీ. క్లౌ నియమంలో ఉన్నది చచ్చిన గొడ్డు మాంసం వరకే. చెప్పులు కుట్టడం, తోళ్ల బేరం యథాప్రకారం సాగాయి. ఊరి దృష్టిలో అన్నిటికంటే మైలైన పనిని అలాగే ఉంచుకుని, ఆ పనికి ముడిపెట్టిన అవమానపు కూలిని కాదన్నారు. గీత ముట్టుకోవడం దగ్గర పడలేదు, లొంగడం దగ్గర పడింది. 1927లో మహద్ సభలో అంబేడ్కర్ కూడా దళితులను చచ్చిన పశువు మాంసం మానమన్నాడు, ఆయన అగ్రకులాల అనుకరణ బోధించాడని ఎవరూ అనరు కదా.

కరువులో అన్నం కోసం మతం మారారన్న మాట ఉండనే ఉంది. 1876–78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ మీద మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఈ నిందకు భయపడే ఆ కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయానికి డబ్బు లేదని తేల్చి చెప్పాక కూడా జనం వచ్చి, పనిచేసి బొబ్బలెక్కిన చేతులు చూపారట. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ఇచ్చిన బాప్తిస్మం ఆ నిరీక్షణ తర్వాతిది. క్లౌ జ్ఞాపకాల పుస్తకం ఆయన పోయాక 1914లో ఎమ్మా సిద్ధం చేసినదనీ, ఆమె సామాజిక సువార్త సిద్ధాంతకర్త వాల్టర్ రౌషెన్‌బుష్ సోదరి అనీ గుర్తుంచుకుని ఈ వివరాలను కొంత తగ్గించి చదవాలి. అయినా ఆకలికి మారినవాడు మరింత ఆకలి తెచ్చే నియమాలను ఎందుకు పట్టుకు వేలాడతాడన్న ప్రశ్నకు నిందవేసేవాళ్ల దగ్గర జవాబు కనబడదు.

ఈ పరిశుద్ధత లోపలికి మళ్లడానికి వేదాంతం కంటే ఉద్యోగాలే పెద్ద కారణమనుకుంటాను. మిషన్ బడుల్లో చదివి టీచర్లు, నర్సులు, గుమాస్తాలైన వాళ్లను గొడ్డు మోయమని పిలిచేవాళ్లు లేరు. ఊరితో తగాదా తీరినచోట పోరాటం మనసులోకి మారింది. 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా తెలుగునాట విస్తరించిన భక్త్ సింగ్ కూటాల్లో తెల్ల చీరా, నగలు లేని మెడా గుర్తులయ్యాయి. వాటి నిష్ఠను తక్కువ చేయనక్కర్లేదు, కానీ ఆ గుర్తులను చూసి ఊరి ఆసామీ కంగారు పడాల్సిన అవసరం లేకపోయింది. తొలి తరం వదిలిన వాటిలో ఒకదానికి మాత్రం నిజమైన నష్టం ఉందని ఒప్పుకోవాలి. చచ్చిన గొడ్డు మాంసం మళ్లీ కావాలని ఎవరూ అడగలేదు. డప్పు అలా కాదు, అది విద్య కూడా. 1994 జూలైలో ఒంగోలుకు దగ్గర్లోని ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ ఉద్యమానికి దండోరా అనే పేరు నిలిచింది, క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా డప్పు భుజాన వేసుకుని దాని వెంట నడిచారు.