ఊపిరికి కొలత

మా ఉప్పుగూడలో మృగశిర కార్తె అంటే వానకబురే కాదు, ఉబ్బసపు కబురు కూడా. నా చిన్ననాట ఆనాటికి మా వీధిలో దూద్‌బౌలికి దారి అడిగే పొరుగూరివారు కనబడేవారు. బత్తినివారి చేపమందు అప్పట్లో అక్కడే ఇచ్చేవారు. తరువాత అది నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. బ్రతికున్న కొర్రమీను పిల్ల నోట మందుముద్ద పెట్టి మింగిస్తారు. 1845 నుండీ ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. గుణం మాట అటుంచండి, ఆ తేదీ నన్ను ఆకర్షించింది.

ఎందుకంటే ఆ మరుసటి యేడే, 1846లో, లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ ఊపిరిని కొలిచే స్పైరోమీటరును గురించి ప్రకటించాడు. నీటిలో బోర్లించిన గంట; మనిషి ఊదితే అది పైకి లేస్తుంది. నావికులు, పోలీసులు, మల్లయోధులు, నిరుపేదలు, మొత్తం 2,130 మంది చేత ఊదించాడు. ఎత్తు అంగుళం పెరిగితే ఊపిరి ఎనిమిది ఘనపుటంగుళాలు పెరుగుతుందని తేల్చాడు. 1861లో ఫిజీ దీవుల్లో మరణించాడు. మొదటి సెకనులో ఎంత ఊదగలరన్నది కీలకమని చెప్పడానికి మరో వందేళ్ళు, 1947 దాకా, ఫ్రాన్సులో టిఫెనో రావలసివచ్చింది.

అయితే "ఇంత ఊదావు" అన్నది సగం మాటే. "ఇంత ఊదవలసింది" అన్నది రెండో సగం, అసలు చిక్కు అక్కడే. 2012లో 74,187 మంది కొలతలతో ప్రపంచ ప్రమాణాలు కూర్చారు. నాలుగు జనసమూహాలకు విడివిడి లెక్కలు కట్టారు. భారత ఉపఖండానికి మాత్రం కట్టలేకపోయారు. మనం "ఇతరుల"లో మిగిలాం. జాతిభేదం లేని లెక్క 2022లో వచ్చింది.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు. 2019లో బెల్జియం పరిశోధకులు 50 మంది రోగుల పరీక్షాఫలితాలను ఐరోపాలోని 120 మంది ఊపిరితిత్తుల నిపుణుల ముందుంచారు. నిపుణుల రోగనిర్ణయం నూటికి సుమారు 45 పాళ్ళు సరిపోతే, యంత్రానిది 82. నిపుణులకే ఇంత తడబాటు ఉంటే, 2018లో మన నగరంలో మొదలైన బస్తీ దవాఖానాల వంటి చోట ఒంటరి వైద్యునికి ఇటువంటి తోడు అక్కరకొస్తుందనే నా నమ్మకం. దగ్గు వచ్చిందా, పెదవుల పక్కనుంచి గాలి పోయిందా, పూర్తిగా ఊదారా అని చెప్పినా చాలు, సగం మేలు. కానీ యంత్రం ఎవరి ఊపిరులు చూసి నేర్చింది?

మా పొరుగింటి అవ్వను ఒకసారి పరీక్షకు తీసుకువెళ్ళాను. "గట్టిగా ఊదమ్మా" అంటే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మూడోసారికి సరిగా ఊదింది. ఉండవలసినదాని కంటే తక్కువ ఉందని కాగితం చూసి చెప్పాను.

"గంత ఉండాల్నని ఎవలు జెప్పిన్రు బిడ్డా?" అంది.